31 ఏళ్ళకే అక్కకి స్ట్రోక్. బీపీ, షుగర్ ఏమీ లేవు. పాత రిపోర్టుల్లో ఏం చూడాలి?

కేఆర్‌పురం_తమ్ముడు | శనివారం, రాత్రి 11:48

అందరికీ నమస్తే. ఇక్కడ అద్దె ఇళ్ళ గురించీ, పండక్కి బస్సుల గురించీ తప్ప ఇంకేం రాయలేదు నేను. ఇలాంటిది రాయాల్సి వస్తుందనుకోలేదు.

మా అక్కకి 31. వైట్‌ఫీల్డ్‌లో అకౌంట్స్ ఉద్యోగం. మూడు వారాల క్రితం గురువారం పొద్దున 7:20కి దోసెలు వేస్తోంది. నాకు షటిల్ టైమవుతోందని ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. పెనం మీద పిండి తిప్పుతూ తిప్పుతూ గరిటె ఆగిపోయింది. తర్వాత చేతిలోంచి జారి స్టవ్ మీద పడింది. చెయ్యి మాత్రం పెనం మీదే ఉంది, తీయట్లేదు. "అక్కా, కాలుతుంది" అని నేనే లాగాను. నా వైపు చూసి ఏదో అంది. చెయ్యి తిమ్మిరెక్కిందని చెప్పిందట. నాకు నోటినిండా అన్నం పెట్టుకుని మాట్లాడినట్టు వినిపించింది.

బావ ఊళ్ళో లేడు. వీధి చివర ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డ్యూటీ డాక్టర్ బీపీ చూసి, వయసు అడిగి, "నిద్ర సరిగా పోవట్లేదా, ఇంట్లో టెన్షన్లా?" అన్నాడు. సెలైన్ పెట్టి, కళ్ళు తిరగడానికి మాత్రలు రాసి పంపేశారు. మధ్యాహ్నానికి మూతి కుడివైపు జారింది. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి పెద్దాసుపత్రి చేరేసరికి 2 దాటింది. ఎంఆర్ఐలో ఎడమవైపు మెదడుకెళ్ళే రక్తనాళం కొమ్మలో గడ్డ. "నాలుగున్నర గంటల్లోపు వచ్చుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అవకాశం ఉండేది" అన్నారు. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

తర్వాత ఎకో, మెడ డాప్లర్ (రక్తనాళాల స్కాన్), కొలెస్ట్రాల్ అన్నీ నార్మల్. కారణం తెలియలేదని ఆస్పిరిన్ రాసి డిశ్చార్జ్ చేయబోతుంటే ఒక జూనియర్ డాక్టరమ్మ పాత ఫైలు అడిగింది. బావ ప్లాస్టిక్ కవరు తీసిచ్చాడు. రెండుసార్లు గర్భం పోయిన కాగితాలు, రెండోది నాలుగో నెలలో. పోయినేడాది జ్వరంలో ప్లేట్‌లెట్లు 96 వేలు. డెంగీ పరీక్ష నెగిటివ్ వచ్చినా డెంగీయే అనుకుని బొప్పాయి ఆకు రసం తాగించాం, జ్వరం తగ్గాక ఎవరూ మళ్ళీ లెక్క చూడలేదు. మొదటి కడుపప్పుడు వీడీఆర్ఎల్ పాజిటివ్. దాని గురించి తర్వాత రాస్తాను, రాయగలిగితే. ఆ డాక్టరమ్మ దుప్పటి జరిపి అక్క మోకాళ్ళ దగ్గర చర్మం చూసింది. వల అల్లినట్టు ఊదారంగు గీతలు. అవి చలికనుకునేవాళ్ళం మేం.

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఏపీఎస్) కావచ్చన్నారు, ఒంట్లో పుట్టే యాంటీబాడీలే రక్తాన్ని గడ్డకట్టించే జబ్బట. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్ వచ్చింది. 12 వారాలాగి మళ్ళీ చెయ్యాలట. ఎందుకు ఆగాలి? యాంటీకోయాగ్యులెంట్ అంటే రక్తం పల్చబడేది కదా, మరి గడ్డ ఎందుకు కట్టింది? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


సిల్క్‌బోర్డ్_బాధితుడు | ఆదివారం, ఉదయం 7:15

తమ్ముడూ, ధైర్యంగా ఉండు. మా టీమ్‌లో 34 ఏళ్ళ కుర్రాడికి వచ్చింది. ఆఫీస్ చాట్‌లో అర్థంలేని అక్షరాలు టైప్ చేస్తుంటే మేమంతా నవ్వే బొమ్మలు పెట్టాం. పావుగంట. ఇప్పటికీ సిగ్గేస్తుంది.


ల్యాబ్_రాజు | ఆదివారం, ఉదయం 9:02

14 ఏళ్ళుగా రక్తపరీక్షల పనిలోనే ఉన్నాను. ఆ పేరు పెట్టినవాణ్ణి నిలదీయాలని నాకూ అనిపిస్తుంది. లూపస్ అనే జబ్బు లేనివాళ్ళకీ ఉంటుంది. ఒంట్లో రక్తాన్ని పల్చన చెయ్యదు సరికదా, గడ్డకట్టిస్తుంది.

సంగతేంటంటే, గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టాలంటే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుపదార్థం కలుపుతాం. ఈ యాంటీబాడీలు వెళ్ళి దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. దాంతో గొట్టంలో గడ్డకట్టడం ఆలస్యమై ఏపీటీటీ, అంటే గడ్డకట్టడానికి పట్టే టైము, పెరిగినట్టు కనిపిస్తుంది. అదే యాంటీబాడీలు ఒంట్లో రక్తనాళాల లోపలి పొరనీ ప్లేట్‌లెట్లనీ రెచ్చగొడతాయి. అక్కడ జరిగేది సరిగ్గా తలకిందులు.

మాకు తెలిసే పద్ధతొకటుంది. పేషెంటు ప్లాస్మాలో ఆరోగ్యవంతుడి ప్లాస్మా సగానికి సగం కలుపుతాం. ఏదో గడ్డకట్టే ఫ్యాక్టర్ తక్కువై ఏపీటీటీ పెరిగుంటే, కలపగానే సర్దుకుంటుంది. సర్దుకోలేదంటే లోపల ఏదో అడ్డుపడుతోందని అర్థం. మీ అక్క ఫైల్లో ఏపీటీటీ ఎంతుందో చూడండి. ఆ రక్తం హెపారిన్ (గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఇవ్వకముందు తీశారా, తర్వాతా అన్నది కూడా కనుక్కోండి. తర్వాత తీస్తే ఆ అంకెని నమ్మలేం.


కేఆర్‌పురం_తమ్ముడు | ఆదివారం, ఉదయం 9:40

52 సెకన్లు. పక్కన 35 దాకా నార్మల్ అని ఉంది. అడ్మిషన్ రోజు మధ్యాహ్నం 2:35కి తీశారు, అప్పటికి ఏ ఇంజెక్షనూ ఇవ్వలేదు. పై బాణం గుర్తు కూడా ఉంది. ఎవరూ చూడలేదా అంటే... చూశారేమో మరి.


తెల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

హెమటాలజీలో (రక్తవ్యాధుల విభాగం) ట్రైనింగ్‌లో ఉన్నాను. ఇక్కడ చెప్పేది మీ డాక్టర్ మాటకి బదులు కాదు.

12 వారాలు ఎందుకంటే, ఏదైనా వైరల్ జ్వరం తర్వాత కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్ళు కనిపించి పోతాయి. నిజంగా జబ్బున్నవాళ్ళలో పోవు. ఒక్కసారి పాజిటివ్‌తో ముద్ర వేస్తే ఊరికే జీవితాంతం మందులు వాడించినట్టవుతుంది. పరీక్షలు మూడు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా2 గ్లైకోప్రొటీన్1. మూడూ పాజిటివైతే గడ్డల ముప్పు అందరికంటే ఎక్కువ. అన్నట్టు, మందు మొదలుపెట్టడానికి 12 వారాలు ఆగరు, జబ్బు పేరు ఖాయం చెయ్యడానికే ఆగుతారు.

గర్భం పోవడం, గడ్డలు, ఈ యాంటీబాడీలు, మూడూ ఒకే జబ్బు ముఖాలని 1983లో లండన్‌లో గ్రాహమ్ హ్యూజ్ బృందం విడమరిచి చెప్పింది. గైనిక్ ఫైలు ఒక చోట, న్యూరో ఫైలు ఒక చోట ఉంటే ఈ జబ్బు ఎవరికీ కనపడదు. ఆ జూనియర్ డాక్టర్ చేసిందల్లా రెండు ఫైళ్ళూ ఒకే మంచం మీద పరచడమే.

ఒక మాట. చిన్న వయసు స్ట్రోకులన్నిటికీ రక్తంలోనే కారణం ఉండదు. మెడ రక్తనాళం లోపలి పొర చిరగడం, గుండె గదుల మధ్య రంధ్రం, చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరంతో పాడైన కవాటాలు, పొగాకు, ఇవే ఎక్కువ. సెలూన్‌లో కటింగయ్యాక మెడ టకీమని విరిపించుకునే అలవాటున్నవాళ్ళు మానెయ్యండి. సరదాకి చెప్పట్లేదు.


ప్రకృతి_మిత్ర | ఆదివారం, మధ్యాహ్నం 3:05

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 3:31

మందులు ఆపేసి కషాయం తాగమనే సలహాలు ఈ విభాగంలో ఉండవు. రెండోసారి రాస్తే ఖాతా ఆపేస్తాను. గొడవ వద్దు, ముందుకెళ్దాం.


పెనుకొండ_మామ | ఆదివారం, రాత్రి 8:44

నా కథ వేరు గానీ ఈ ఇంటిదే. 39 ఏళ్ళు, యలహంకలో టైర్ల షాపు. రెండేళ్ళు నన్ను వేధించింది దురద. వేడినీళ్ళు పోసుకుని బయటికొస్తే చాలు, ఒళ్ళంతా సూదులు గుచ్చినట్టు. మా ఆవిడ నాలుగు సబ్బులు మార్చింది, బోరు నీళ్ళని తిట్టింది. చర్మం డాక్టరు లోషన్ ఇచ్చాడు. ఊరికెళ్తే అందరూ "ఎర్రగా నిగనిగలాడుతున్నావే, బెంగళూరు నీళ్ళు పడ్డాయి" అనేవాళ్ళు. నేనూ మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు షాపులో బిల్లు రాస్తుంటే ఎడమ కంటికి షట్టరు దించినట్టు చీకటైంది. ఐదు నిమిషాల్లో పోయింది. పోయింది కదా అని వదిలేశాను. పదకొండో రోజు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి.

హిమోగ్లోబిన్ 19.2. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 58 శాతం. పాలిసైథీమియా వెరా అంటారు, ఎముక మజ్జ ఆపకుండా ఎర్రకణాలు చేసేస్తుంది, రక్తం బెల్లం పాకంలా చిక్కబడుతుంది. జాక్‌2 జన్యువులో మార్పు పాజిటివ్ వచ్చింది. 2005లో కనిపెట్టారట అది. ఇప్పుడు వైద్యం ఏంటో తెలుసా? రక్తం తీసి పారబొయ్యడం. మొదట్లో వారం వారం 350 ఎంఎల్. దానితో పాటు ఆస్పిరిన్, ఇంకో మాత్ర. ఇప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడుస్తాను, అంతే.

మా అత్తగారు మాత్రం "రక్తం తీసేస్తున్నారు కదా అల్లుడూ" అని ఖర్జూరాలూ బెల్లం పల్లీ ఉండలూ డబ్బాలకి డబ్బాలు పంపుతుంది. ఐరన్ మాత్రలు అడక్కుండా మింగొద్దని డాక్టరు చెప్పాడని ఆవిడకి నేనెలా చెప్పాలి.


తెల్లకోటు | ఆదివారం, రాత్రి 9:10

మామా, హెమటోక్రిట్ 45 లోపు ఉంచండి, 46 అయితే ఏముందిలే అనుకోకండి. 2013లో ఇటలీవాళ్ళ అధ్యయనం వచ్చింది. 45 లోపు ఉంచినవాళ్ళతో పోలిస్తే 45 నుంచి 50 మధ్య వదిలేసినవాళ్ళలో గుండె, రక్తనాళాల మరణాలూ పెద్ద గడ్డలూ కలిపి దాదాపు నాలుగు రెట్లు.

మిగతావాళ్ళకి: ఐదు నిమిషాల్లో పోయిన చీకటి, పది నిమిషాల్లో సర్దుకున్న చెయ్యి, ఇవి పోయాయని సంతోషించే విషయాలు కావు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.


హోసూరు_కోడలు | సోమవారం, మధ్యాహ్నం 12:15

ఇది ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు చదవాలి. నాకు 27 అప్పుడు. కాన్పు పుట్టింట్లో. 18వ రోజున తలనొప్పి మొదలైంది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కొంచెం నయం. అమ్మమ్మ చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, సాంబ్రాణి పొగ వేసింది. చల్లగాలి తగిలిందంది. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని రోజుకి రెండు చెంబులు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు. మే నెల, నంద్యాల ఎండ. ఊహించుకోండి.

ఐదోరోజు వాంతులు. ఆరోరోజు ఉయ్యాలలో పాప ఇద్దరుగా కనిపించింది. ఆ సాయంత్రం ఫిట్స్. రాత్రికి రాత్రి బెంగళూరు తెచ్చారు. మెదడులోంచి రక్తం బయటికి తెచ్చే సిరలో గడ్డ. కొంచెం రక్తస్రావం కూడా అయింది. అయినా డాక్టర్లు గడ్డకట్టకుండా ఉండే ఇంజెక్షనే ఇస్తామన్నారు. మా నాన్న కలబడ్డారు: "మెదడులో రక్తం కారుతుంటే రక్తం పల్చన చేస్తారా?" డాక్టరు ఒక్కటే అన్నాడు: "సార్, రాజకాలువె మూసుకుపోతే లేఅవుట్‌లోకి నీళ్ళొస్తాయి. కాలువ తెరవకుండా ఇంట్లో నీళ్ళు తోడితే ఏం లాభం?" నాన్న సంతకం పెట్టారు. అంతకుముందు వానాకాలంలో మా పెదనాన్న వాళ్ళ సెల్లార్ మునిగింది, అందుకే అంత తొందరగా అర్థమైందాయనకి.

తర్వాత రక్తం ఊరికే గడ్డకట్టకుండా చూసే ప్రొటీన్ ఎస్ తక్కువుందని, పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చని చెప్పారు. అత్తింట్లో ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో రాయను. ఏడు నెలలయ్యాక మందు ఆపి చూస్తే నార్మల్. గర్భంలోనూ, కాన్పైన కొత్తలోనూ అది అందరికీ తగ్గుతుందట. ఈ ముక్క మొదటే చెప్పుంటే!

ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు జీవితంలో వాడొద్దన్నారు. పూజలకీ పెళ్ళిళ్ళకీ నెలసరి వాయిదా మాత్రలు మెడికల్ షాపులో అడిగి మింగే అలవాటు ఉంటుంది కదా మనకి, అవీ డాక్టర్ని అడక్కుండా వద్దన్నారు.


బడ్జెట్_పద్మ | సోమవారం, సాయంత్రం 6:30

అంటే మనమందరం ఇప్పుడు ఆ గడ్డల ప్యాకేజీ పరీక్షలు చేయించుకోవాలా? ఒక యాప్‌లో ఆఫర్ కనిపించింది. మా ఇంట్లో నలుగురం.

తెల్లకోటు | సోమవారం, సాయంత్రం 7:05

వద్దండీ. ఆ డబ్బుతో అందరూ ఊరెళ్ళి రండి. లక్షణాలేవీ లేని మనిషికి అవి చేస్తే భయం తప్ప ఏమీ దొరకదు. ఆ ప్యాకేజీల్లో ఉండే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యు మార్పు యూరప్ జనాభాలో ఎక్కువ, మన దగ్గర తక్కువ. ప్రొటీన్ సీ, ఎస్ గడ్డ కట్టిన కొత్తలోనూ, వార్ఫరిన్ (గడ్డకట్టకుండా వాడే మాత్ర) మీదా తక్కువే చూపిస్తాయి. పైన ఆవిడ చెప్పింది అదే.

అన్నిటికంటే చవకైన సీబీసీ (రక్తకణాల లెక్క) మీ అందరి దగ్గరా ఉంటుంది. ఆఫీసు హెల్త్ చెకప్‌ది. అది తీసి హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చూడండి. బాణం ఏడాదికేడాది అదే వైపుంటే ఎవరికైనా చూపించండి. స్ట్రోక్‌తో పాటు జ్వరం, కామెర్లు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోవడం ఉంటే అది టీటీపీ, అంటే చిన్న చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు, కావచ్చు. అది గంటల్లో చూడాల్సిన జబ్బు, ప్లాస్మా మార్చాలి. డెంగీ అనుకుని ప్లేట్‌లెట్లు ఎక్కించుకుంటూ కూర్చోకూడదు.


మన్యం_పిల్లోడు | సోమవారం, రాత్రి 10:50

మాది పాడేరు వైపు. మా చెల్లికి 9 ఏళ్ళప్పుడు స్ట్రోక్. సికిల్ సెల్, ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు. మా వైపు ఇది అరుదైన జబ్బేమీ కాదు, అరుదుగా కనిపెట్టే జబ్బు. తలకి డాప్లర్ చేస్తే ముందే తెలుస్తుందని, రక్తం ఎక్కించి ఆపొచ్చని ఇక్కడ చదువుకోడానికి వచ్చాక నాకు తెలిసింది. ఇంకేం రాయను.


కేఆర్‌పురం_తమ్ముడు | మంగళవారం, రాత్రి 12:20

వీడీఆర్ఎల్ సంగతి రాస్తున్నాను. అక్కని అడిగాను, రాయమంది.

ఆరేళ్ళ క్రితం మొదటి కడుపు. మామూలుగా చేసే పరీక్షల్లో వీడీఆర్ఎల్ పాజిటివ్. అది సుఖవ్యాధి పరీక్ష. ఆ క్లినిక్‌లో నర్సు బావ తల్లి ముందే చదివింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ భోజనం చెయ్యలేదు. బావ వెంటనే వెళ్ళి తనకీ చేయించుకున్నాడు, నెగిటివ్. అది ఇంకా అన్యాయమైపోయింది, ఇక వేలు అక్క వైపే. పెన్సిలిన్ ఇంజెక్షన్ వేశారు. తర్వాత టీపీహెచ్ఏ అని ఇంకో పరీక్ష నెగిటివ్ వచ్చింది గానీ "ఇంజెక్షన్ వేశారు కదా, పోయుంటుంది" అన్నారు. ఆ కడుపు పదో వారంలో పోయింది. అందరూ దాన్నీ దీన్నీ ముడిపెట్టారు. మా అక్క ఆరేళ్ళు ఆ మాట మోసింది. మా అమ్మ కూడా ఒకసారి అడిగింది, "నిజం చెప్పవే" అని.

ల్యాబ్_రాజు | మంగళవారం, ఉదయం 6:35

నిద్ర పట్టలేదు ఇది చదివి. వీడీఆర్ఎల్ పరీక్షలో మేం కలిపే పదార్థం పేరేంటో తెలుసా? కార్డియోలిపిన్. మీ అక్క రక్తంలో ఉన్నవి యాంటీకార్డియోలిపిన్ యాంటీబాడీలు. ఆ రెండూ కలిస్తే పాజిటివ్ చూపించక ఏం చేస్తుంది? నిజంగా ఆ వ్యాధి ఉంటే టీపీహెచ్ఏ పాజిటివ్ రావాలి. వైద్యం చేసినా అది చాలామందిలో ఏళ్ళతరబడి, ఒక్కోసారి జన్మంతా పాజిటివ్‌గానే ఉంటుంది. ఇంజెక్షన్ వేసిన కొన్ని రోజులకి నెగిటివైపోదు. అంటే మీ అక్కకి ఆ జబ్బు ఎప్పుడూ లేదు.

ఆరేళ్ళ ముందే ఆ కాగితం ఏపీఎస్ అని అరిచింది. మా వాళ్ళెవరో స్టాంపు వేసి పంపేశారు. ఈ పోస్టు ప్రింట్ తీసి మీ అమ్మగారికి చూపించండి, అక్క అత్తగారికి కూడా.

కేఆర్‌పురం_తమ్ముడు | మంగళవారం, ఉదయం 8:10

చూపించాను. అమ్మ చదువుకోలేదు, నేనే చదివి వినిపించాను. వంటింట్లోకి వెళ్ళిపోయింది. అత్తగారికి బావ చెప్తానన్నాడు.


చదవడమే_నా_పని | బుధవారం, ఉదయం 11:25

మొదటి పోస్టు ఇది. ఆఫీస్ చెకప్ రిపోర్టులు మూడేళ్ళవీ తీశాను. ప్లేట్‌లెట్లు 6,10,000, 6,45,000, 6,80,000. మూడింటి మీదా పై బాణం. చివరి పేజీలో "మీరు ఆరోగ్యంగా ఉన్నారు, నీళ్ళు ఎక్కువ తాగండి" అని ఉంది. వయసు 29. రాత్రిళ్ళు అరికాళ్ళు మండుతాయి, టైల్స్ మీద పెట్టి పడుకుంటాను. బెంగళూరులో ఇంత వేడేంటి అనుకునేవాణ్ణి.

తెల్లకోటు | బుధవారం, ఉదయం 11:40

భయపడకండి, కానీ వాయిదా వెయ్యకండి. ఐరన్ లోపంలోనూ, ఇన్‌ఫెక్షన్‌లోనూ ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. అందుకే ముందు మళ్ళీ సీబీసీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ). అవి సరిగ్గా ఉంటే జాక్‌2, సీఏఎల్ఆర్ జన్యు పరీక్షలు. అరికాళ్ళ మంట సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆస్పిరిన్ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.


కేఆర్‌పురం_తమ్ముడు | పది వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:10

అప్‌డేట్. రెండోసారీ పాజిటివ్, మూడూ. వార్ఫరిన్ కొనసాగుతోంది, ఐఎన్ఆర్ (మందు రక్తాన్ని ఎంత పల్చన చేసిందో చూపే అంకె) 2 నుంచి 3 మధ్య ఉండాలి. పోయినవారం 2.4. ఒక చుట్టం "ఐఎన్ఆర్ అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి, మార్పించు" అని ఒకటే పోరు. అడిగితే డాక్టర్ వద్దన్నారు. మూడూ పాజిటివ్ అయినవాళ్ళలో రివరాక్సబాన్ మీద ఇటలీలో చేసిన పరిశీలనని గడ్డలు ఎక్కువొస్తున్నాయని మధ్యలోనే ఆపేశారట, 2018లో ఫలితాలు వచ్చాయట.

పిల్లల ఆశ వదులుకోవద్దన్నారు, కానీ ముందే చెప్పి మొదలుపెట్టాలట. గర్భంలో వార్ఫరిన్ బిడ్డకి మంచిది కాదు, ఇంజెక్షన్లకీ ఆస్పిరిన్‌కీ మారుస్తారు. ఆకుకూరలతో వార్ఫరిన్ పని మారుతుంది గానీ గోంగూర, తోటకూర మానక్కర్లేదు, ఒకవారం రోజూ తిని ఒకవారం అసలు మానేసి అలా చెయ్యొద్దన్నారు. అత్తగారు పోయినవారం వచ్చి రెండు రోజులుండి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

స్పీచ్ థెరపీ ఆమెకి తెలుగు రాదు. అందుకని తెలుగులో సాధన ఇంట్లో నేనే చేయిస్తున్నాను. 'ళ', 'ర' కష్టంగా ఉన్నాయి. ఫోన్ అక్కకిస్తున్నాను.

కేఆర్‌పురం_తమ్ముడు | ఆదివారం, సాయంత్రం 5:32

నేను అక్కని. ఎడం చేత్తో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. అన్నీ చదివాను. రాజు గారూ, మీ పోస్టు ప్రింటు నా ఫైల్లో పెట్టుకున్నాను, వీడీఆర్ఎల్ కాగితం వెనకే. ప్లేట్‌లెట్ల బాబూ, నీ అపాయింట్‌మెంట్ ఏమైంది? రాయి.

ఇవాళ ఎర్ర లారీ తెల్ల లారీ నాలుగుసార్లు అన్నాను. ఐదోసారికి ఎల్ల లాలీ అయింది. తమ్ముడు నవ్వాడు, వాడి దోసె మాడింది.